పసుపుపచ్చ బూజు

శనివారం మనుషులొచ్చి చెక్క కిటికీ పీకేసి అల్యూమినియంది బిగించి పోతారని రాజగోపాల్ చెప్పగానే అతని భార్య ప్రమోద మొహం మాడ్చుకుంది. "చెక్కదే ఉండనివ్వండి" అంది. ఎందుకే అంటే చెప్పదు.

రాజగోపాల్ బాధ రాజగోపాల్‌ది. జిగురు మందుల కంపెనీలో కెమిస్టు. ఎనభై రెండులో అమెరికాలోని పిస్కాటవేలో ఆ పాతిల్లు కొన్నప్పటినుంచీ భోజనాల గదిలో మోకాలెత్తున ఉన్న కిటికీ అతని పరువు తీస్తోంది. దాని కింది చెక్క పుచ్చిపోతుంది. పుచ్చిందంతా ఉలితో చెక్కేసి, ఆరబెట్టి, గట్టిపడే మందు తాగించి, ఎపాక్సీ జిగురు ముద్ద కూరి, నున్నగా రుద్ది తెల్ల పెయింటు వేస్తాడు. ఏడాది తిరక్కుండా స్క్రూడ్రైవర్ పొడిస్తే హల్వాలోకి దిగినట్టు దిగుతుంది. వాన బయట కురిస్తే చెక్క లోపల పుచ్చడమేమిటి! కప్పు చూశాడు, పైపులు చూశాడు. ఎక్కడా చుక్క కారడం లేదు. ఇదేదో అమెరికా బూజని తేల్చేశాడు.

ఆ వారమే చెక్క పగుల్లో పసుపుపచ్చటి చార కనిపించింది. హమ్మయ్య, దొంగ దొరికాడు! గీకి, సీసాలో వేసి ఆఫీసుకి పట్టుకెళ్ళాడు. మైక్రోస్కోప్ కింద బూజూ లేదు, గీజూ లేదు. ఏమైతే అదైందని కాస్టిక్ సోడా చుక్క వేశాడు. ఎర్రబడింది. అలాంటిలాంటి ఎరుపు కాదు, అచ్చంగా పారాణి.

"వాట్ ఈజ్ ఇట్, రాజ్?" అన్నాడు పక్క బెంచీ ఆయన.

"మై వైఫ్" అన్నాడు రాజగోపాల్.

ఇంటికొచ్చి బూట్లయినా విప్పకుండా అడిగాడు. "కిటికీకి పసుపెందుకు రాస్తున్నావే?"

ప్రమోద గరిటె కింద పెట్టింది. "గడప కాబట్టి."

"గడప వీధి తలుపుకుంటుంది."

"అక్కడున్నది అల్యూమినియం రేకు. రేకుకి పసుపు రాస్తారా ఎవరైనా? ఈ ఇంట్లో గడపలా అడ్డంగా పడున్న చెక్క ఇదొక్కటే. శుక్రవారం మీరటు వెళ్ళగానే కడిగి రాస్తాను. మీరొచ్చేలోపు తుడిచేస్తాను, నవ్వుతారని."

"చెంబుతోనా కడగడం?"

"గడపని చెంచాతో కడుగుతారా?"

"లక్ష్మీదేవి కిటికీలోంచి దూరుతుందటే?"

"తలుపు దగ్గర రేకేస్తే ఆవిడ ఇంకెటు రావాలి?" అంటూనే కళ్ళొత్తుకుంది. "ఊరు కాని ఊళ్ళో నాదనుకున్నది ఆ బారెడు చెక్క. అదీ పీకించెయ్యండి."

నవ్వుదామని తెరిచిన నోరు అలాగే మూసుకున్నాడు రాజగోపాల్. తన ఇంట్లో తనే దొంగలా పూజ చేసుకుందా పిచ్చిది! సిగ్గేసింది. ఫోన్ చేసి మనుషుల్ని రావద్దన్నాడు. శనివారం తనే కూర్చుని, పుచ్చిందంతా కోసేసి, కొత్త ఓక్ చెక్క బిగించాడు.

"ఇకనుంచి తడిగుడ్డతో తుడువు. నీళ్ళు పొయ్యకు."

"నీళ్ళు పొయ్యకుండా గడప కడగడం ఎక్కడైనా ఉందాండీ?"

రాజగోపాల్ తనకొచ్చిన కెమిస్ట్రీ అంతా తిరగేశాడు.

"సరే, పొయ్యి" అన్నాడు. "ఏడాదికో చెక్క నేను మారుస్తాలే."