అయ్యగారి మెడలో టేపు

నేను ఒక మెడను అంటిపెట్టుకుని బతికిన టేపును. మైనం పూసిన గుడ్డ, రెండు చివర్లా ఇత్తడి రేకు, ఒకవైపు అంగుళాలు, రెండోవైపు సెంటీమీటర్లు. సెంటీమీటర్ల వైపు రేపల్లెలో ఎవరూ చూడలేదు. నా బతుకులో సగం వృథా అయిందని మొదట్లో బాధపడేదాన్ని. మనుషుల్ని చూశాక, వాళ్ళలోనూ ఎవరూ చూడని వైపు ఒకటి ఉంటుందని తెలిసి ఊరుకున్నాను.

నన్ను ఫ్యాన్సీ షాపులో కొన్నది దావూద్ మేస్త్రి. బస్టాండు వెనక సందులో ఆయన కుట్టుపని దుకాణం. నడుము కొలిచేటప్పుడు మగవాళ్ళు ఊపిరి బిగబడతారని ఆయన దగ్గరే తెలుసుకున్నాను. మేస్త్రి తొందరపడేవాడు కాదు. "పిల్లలెంతమంది?" అని అడిగేవాడు. జవాబు చెప్పాలంటే ఊపిరి వదలాలి. అప్పుడు నన్ను చుట్టేవాడు.

చూపు మందగించాక మేస్త్రి దుకాణాన్నీ, మిషన్నీ, నన్నూ తన దగ్గర పని నేర్చుకున్న జక్కరయ్యకు అప్పగించాడు. జక్కరయ్య అప్పటికే కాలువగట్టున ఉన్న చిన్న మందిరానికి పాస్టరు. ఆ సంఘంలో ఉన్నది నాట్లు వేసేవాళ్ళు, రొయ్యల చెరువుల దగ్గర కాపలా కాసేవాళ్ళు. వాళ్ళిచ్చే కానుకతో పాస్టరు ఇల్లు గడవదని వాళ్ళకీ తెలుసు, ఆయనకీ తెలుసు. అందుకని సోమవారం నుంచి శనివారం దాకా కుట్టేవాడు. ఆదివారం బోధించేవాడు.

సంఘంలో ఆయన అయ్యగారు. బజార్లో టైలరు. ఇంట్లో కూతురు కెజియకు డాడీ. పేరు మారినప్పుడల్లా ఆయన గొంతు మారేది. నేనున్న చోటు మాత్రం మారేది కాదు.

ఏ పని ఎక్కడ చేయాలో మనుషులు ఆయన్ని నిర్ణయించుకోనిచ్చేవాళ్ళు కాదు. ప్యాంటు నడుము తగ్గించమని వచ్చిన మనిషి, భార్య పుట్టింటికి పోయిందని చెప్పి ప్రార్థన చేయించుకుని వెళ్ళేవాడు. ప్యాంటు మరిచిపోయేవాడు. మందిరంలో ఆశీర్వాదం అయీ అవకముందే ఆడవాళ్ళు జాకెట్టు గుడ్డలు తీసేవాళ్ళు. జక్కరయ్య మిషను తొక్కుతూ ఆదివారం ప్రసంగం కూర్చుకునేవాడు. ఒకసారి ప్రసంగం బాగా కుదిరింది. అప్పుడు కుడుతున్న చొక్కాకి మాత్రం రెండూ ఎడమ చేతులే కత్తిరించాడు.

ఆయన గట్టిగా పట్టుకున్న నియమం ఒక్కటే. ఆదివారం దుకాణం షట్టరు లేవకూడదు. రైసుమిల్లు శేషగిరిరావు ఇంట్లో పెళ్ళి ఆదివారం పడినప్పుడు, ఆయనే స్వయంగా వచ్చి అడిగినా జక్కరయ్య తాళం తీయలేదు. సంఘం పెద్ద రూబేను ఆ సంగతి చాలా రోజులు అందరికీ చెప్పుకున్నాడు.

ఆ సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. కాలువలో మునిగి బాప్తిస్మం తీసుకునేవాళ్ళ తెల్లబట్టలు అయ్యగారే కుట్టాలి, కుట్టుకూలి తీసుకోకూడదు. కెజియ తొమ్మిదో తరగతిలో ఉండగా, ఈసారి నేనూ తీసుకుంటానని చెప్పింది. జక్కరయ్య ఆ రాత్రి అన్నం తింటూ రెండుసార్లు కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత పనిలో పడ్డాడు. మిగతావాళ్ళందరినీ ఒక్కొక్కరినే నిలబెట్టి, భుజం, ఛాతీ, చెయ్యి, పొడుగు నాతో కొలిచాడు. కెజియను మాత్రం పిలవలేదు. క్రితం క్రిస్మస్‌కు కుట్టిన ఆమె పంజాబీ డ్రస్సును ఆదిగా పెట్టి, దాని మీదుగా తెల్లగుడ్డ కత్తిరించాడు. ఇంటిపిల్ల కదా, తెలియని ఒళ్ళా అనుకున్నాడు. నేను మెడలో వేలాడుతూ చూస్తున్నాను. అడగంది చెప్పే అలవాటు టేపుకు లేదు.

డ్రస్సు పూర్తయ్యేసరికి శనివారం గడిచిపోయింది. కెజియ వేసుకు చూసింది బాప్తిస్మం రోజున, ఆదివారం పొద్దున. ఛాతీ దగ్గర పట్టేసింది. చేతులు పైకెత్తితే చంక కుట్టు పిగిలింది. ప్యాంటు చీలమండ దాకా రాలేదు. అది తడిసి ఒంటికి అతుక్కుంటే, కాలువగట్టు మీద ఊరి జనం ముందు ఎలా ఉంటుందో ఆ పిల్లకు అర్థమైంది. మళ్ళీ ఇంటిబట్టలు వేసుకుని వచ్చి మంచం మీద కూర్చుంది.

"నాకు ఇవాళ వద్దు డాడీ," అంది. "అందరికీ కొలతలు తీశారు. నాకు ఆది పెట్టారు. మీకు తీరికైనప్పుడు ఇద్దురుగాని."

అరిచి ఉంటే జక్కరయ్య ఏదో ఒకటి చెప్పేవాడు. ఆమె అరవలేదు.

అప్పటికే పిలవడానికి వచ్చిన రూబేను గుమ్మంలో నిలబడి విషయం తెలుసుకున్నాడు. సంఘమంతా వచ్చేసిందని, పాపకు వచ్చే ఏడు ఇద్దామని, లేదంటే ఎవరిదైనా తెల్లచీర చుట్టబెడదామని చెప్పాడు. దుకాణంలో తెల్లగుడ్డ ఉందని జక్కరయ్య అంటే, రూబేను మొహం మారింది. "అయ్యగారూ, ఆదివారం షట్టరెత్తితే సంఘం ఏమనుకుంటుంది? రేపు మీరు చెబితే ఎవరు వింటారు?"

ఆ మాటలో న్యాయం ఉంది. ఎదురుగా కూతురుంది. జక్కరయ్య మెడనరం కొట్టుకోవడం నాకు తెలుస్తూనే ఉంది.

వంటింట్లోంచి భార్య సువార్తమ్మ గొంతు వినబడింది. "మందిరంలో అయ్యగారున్నారు, బజార్లో టైలరుగారున్నారు. దీని నాన్న ఎక్కడున్నాడో కనుక్కుని పంపించు రూబేనన్నా."

రూబేను చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. జక్కరయ్య నన్ను మెడలోంచి తీశాడు. "లే అమ్మా," అన్నాడు. కెజియ చాలాసేపు లేవలేదు. లేచాక ఆయన నిలబడిపోయాడు. కూతురి తల ఆయన భుజం దాటి చెవి దగ్గరికి వచ్చింది. భుజం కొలిచాడు. నమ్మలేక మళ్ళీ కొలిచాడు. నేను రెండుసార్లూ ఒకే మాట చెప్పాను.

"ఎప్పుడు ఇంత పెరిగావే?"

"ఇక్కడే పెరిగాను డాడీ," అంది కెజియ.

ముగ్గురూ దుకాణానికి వచ్చారు. షట్టరు లేచింది. ఆ చప్పుడుకు వీధిలో నలుగురు తిరిగి చూశారు. అటుగా స్కూటరు మీద పోతున్న శేషగిరిరావు బండి ఆపాడు. "ఏమయ్యా జక్కరయ్యా, నా కూతురి పెళ్ళికి లేవని షట్టరు ఇవాళ లేచిందే. దేవుడు సెలవిచ్చాడా?"

"అడగలేదండీ," అన్నాడు జక్కరయ్య మిషను తొక్కుతూ. "నా కూతురి బట్టలు. కొలవకుండా కుట్టి చెడగొట్టాను."

శేషగిరిరావు స్కూటరుకు స్టాండు వేశాడు. దుకాణం అరుగు మీద కూర్చుని చుట్ట ముట్టించాడు.

మందిరంలో ఎదురుచూసి విసిగిన సంఘం అక్కడికే వచ్చింది. రూబేను ముందున్నాడు. ఏమంటాడోనని సువార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రూబేను దుకాణంలోకి చూశాడు, కెజియను చూశాడు. షట్టరు ఎందుకు లేచిందో జనానికి రెండు ముక్కల్లో చెప్పాడు. మెచ్చుకోలేదు, తప్పుపట్టలేదు. పాట ఎత్తుకున్నాడు. సంఘం అందుకుంది. ఆ పాటల మధ్యే జక్కరయ్య డ్రస్సుకు చేతులు అతికించాడు. ఈసారి ఒకటి కుడి, ఒకటి ఎడమ.

ఎండ నెత్తికెక్కాక కాలువలో దిగారు. కెజియ చివరగా దిగింది. డ్రస్సు భుజాల దగ్గర కుదురుగా కూర్చుంది. జక్కరయ్య ఒక చెయ్యి కూతురి వీపు కింద వేసి ముంచాడు. ఆయన వంగినప్పుడల్లా మునుగుతూ వచ్చిన నేను ఆమెతోనూ మునిగాను. తొందరలో నన్ను తీయడం మరిచిపోయాడు. కెజియ పైకి లేచి, మొహం మీది నీళ్ళు తుడుచుకుని, నన్ను చూసి నవ్వింది.

గుడ్డ నీళ్ళలో పడితే కుంచించుకుపోతుంది. ఎండిన తర్వాత నా అంగుళం అంగుళం కాకుండా పోయింది, ఎవరిని కొలిచినా ఉన్నదానికన్నా కాస్త ఎక్కువే చెబుతాను. జక్కరయ్య దుకాణానికి కొత్త టేపు కొన్నాడు. దాన్ని మిషను పక్కన మేకుకు తగిలించి వస్తాడు, మెడలో వేసుకుని ఇంటికి తేడు. షాపుకు నేను పనికిరాను. మందిరానికి నా అవసరం ఎప్పుడూ లేదు. ఇంట్లో అద్దం పక్కన చోటు దొరికింది.

ఆయన మారిపోయాడని చెప్పను. ఇప్పటికీ అన్నం చల్లారాకే వస్తాడు. ప్రసంగం, కత్తెర ఒకేసారి ఆడుతూనే ఉన్నాయి. మొన్నొక సాయంత్రం మాత్రం సువార్తమ్మను అద్దం ముందు నిలబెట్టి, జాకెట్టుకు నాతో కొలతలు తీశాడు. నా లెక్కలోంచి కాస్త తగ్గించుకోవాలని తెలిసినవాడే. కెజియ కాలేజీ గురించీ, కారుతున్న వంటింటి కప్పు గురించీ మాటల్లో పడి తగ్గించడం మరిచాడు.

దుకాణంలో కొత్త టేపుతో కత్తిరించిన ఆ జాకెట్టు వదులైంది. అయ్యగారు కుట్టిందేనా ఇది అని పక్కింటామె అడిగితే, సువార్తమ్మ అవునంది. బిగించి ఇస్తానని జక్కరయ్య రెండుసార్లు అడిగాడు. ఆమె ఇవ్వలేదు.