సొరుగులో చెవులు

పన్నుల ఆఫీసులో విచారణ గదికి ఓ పద్ధతుంది. పదిన్నరకి అధికారిగారు వస్తారు, కుర్చీ మీద తువ్వాలు సర్దుకుంటారు, టీ తాగుతారు. తర్వాత రెండు చెవులూ ఊడదీసి బల్ల సొరుగులో పడేస్తారు. చెవుల్లేకపోతే కళ్లజోడు నిలవదు కదా, అందుకని దానికి దారం కట్టించుకున్నారు. ఆ దారం తల వెనక ముడేసుకుని, "ఊఁ, రమ్మను" అంటారు.

చట్టం ఉంది మరి. పాత లెక్క తిరగదోడి వ్యాపారి మీద కొత్తగా పన్ను వేసే ముందు, అతను చెప్పుకునేది వినాలట. అందుకని వ్యాపారి చెబుతాడు, ఈయన తలాడిస్తారు, ముందురోజే టైపు కొట్టించిన ఆర్డరు మీద సంతకం గీకుతారు. 'వ్యాపారి వాదన పూర్తిగా విన్నాం' అని అందులో ఉండనే ఉంటుంది. రాసే చేతికి సిగ్గుండక్కర్లేదూ!

ఆ రోజు సబ్బులావిడ వంతు. భర్త పోయాక ఆవిడా మరిదీ కలిసి ఇంటి వెనక రేకుల షెడ్డులో సబ్బులు పోసి అమ్ముకుంటున్నారు. తనిఖీకి వచ్చిన మహానుభావులు సబ్బు పోసిన రోజు బరువూ, అమ్మిన రోజు బరువూ రాసుకుని, తగ్గిందంతా దొంగచాటుగా అమ్మేశారని తేల్చారు. తడిగుడ్డ ఆరితే తేలికవుతుందని తెలియని ఇంట్లో పుట్టారు కాబోలు! ఇవాళ సంతకం పడితే సాయంత్రానికి షెడ్డుకి సీలే.

మరిది సంచిలోంచి నిన్న పోసిన సబ్బొకటి, బాగా ఆరిన సబ్బొకటి, చిన్న త్రాసు తీసి బల్ల మీద పెట్టాడు.

"అయ్యా, రెండూ ఒకే అచ్చులో పోసినవే. ఒక్కసారి తూచి చూడండి," అందావిడ.

అధికారిగారు తలాడించారు.

"ఆరితే ఎవరి సబ్బయినా తగ్గుతుందండీ."

తలాడించారు.

"మీ కుర్చీ కింద పాముందండీ," అన్నాడు మరిది ఒళ్లు మండి.

దానికీ తలాడించి, కలం మూత తీశారు.

"చెవిటివాడి ముందు శంఖం ఊదడమే ఇది. పద వదినా, పోదాం."

ఆవిడ కదల్లేదు. సగం తెరిచున్న సొరుగులోకి వంగి చూసింది. గుండుసూదులు, బిస్కెట్ల పొడి, వాటి మధ్య చెవులు. మడతల నిండా నల్లటి జిడ్డు, లోపల గడ్డకట్టిన గులిమి, ఒకదాని మీద చీమలు.

"ఛీ ఛీ! తీసి పెట్టుకుంటే పెట్టుకున్నారు, కడుక్కోవద్దటయ్యా?"

"అది నా డ్యూటీలో లేదమ్మా," అన్నాడు గుమ్మం దగ్గర బంట్రోతు.

ఆవిడ ఆ చెవులు పట్టుకుని, సంచిలోంచి ఇంకో సబ్బు తీసుకుని, గది మూలనున్న కుళాయి దగ్గరికి నడిచింది. "ఏయ్, నా చెవులు!" అంటూ లేవబోయారు అధికారిగారు. దారం కుర్చీకి తగులుకుని కళ్లజోడు కింద పడింది. ఆయన బల్ల కింద దాన్ని తడుముకుంటూ ఉండిపోయారు.

ఆవిడ ముక్కు బిగబట్టి తోమింది. తోముతూ ఆ చెవులకే చెప్పింది. "పచ్చి సబ్బులో నీళ్లుంటాయి. నీళ్లు గాలికి పోతాయి. పోయిన నీళ్లని ఎవరికి అమ్ముతాం, చెప్పు? మా ఆయన చనిపోయిన నెలలో కూడా పన్ను ఎగ్గొట్టలేదు. మమ్మల్ని దొంగలంటారా? యాక్! ఎన్నేళ్ల మురికిరా బాబూ ఇది!"

తుడిచి తెచ్చి, చంటిపిల్లాడికి తొడిగినట్టు తనే ఆయనకి తగిలించింది. కుళాయి దగ్గర చెప్పినదంతా, ఆ యాక్‌తో సహా, ఒక్కసారిగా లోపలికి దిగింది. మొహం ఎర్రబడింది.

"ఆ త్రాసు ఇలా ఇవ్వండి," అన్నారు చివరికి, కళ్లజోడు ఏరి పెట్టుకుని.

తూచారు. మార్చి మళ్లీ తూచారు. టైపు చేసిన ఆర్డరు అడ్డంగా కొట్టేసి, తిరగదోడిన లెక్క చెల్లదని సొంత చేత్తో రాసి సంతకం పెట్టారు. తర్వాత అలవాటు కొద్దీ చెవులు పట్టి లాగారు. రాలేదు. గట్టిగా లాగారు, నొప్పెట్టింది. చేసేదిలేక, "తర్వాత ఎవరో రమ్మను," అన్నారు నీరసంగా.

వరండాలో మరిది గంతేశాడు. "గెలిచాం వదినా!"

"ఏం గెలుపయ్యా? మన మాట వినడానికేగా ఆయనకి జీతం! దానికి నేను గులిమి తీయాల్సొచ్చింది. తూ!" ఆవిడ చేతులు వాసన చూసుకుని మొహం తిప్పేసుకుంది.

లోపల తాళ్ల వ్యాపారి మొదలుపెట్టాడు. ఏళ్ల తరబడి ఈ గదికి తిరిగినవాడు, గొంతు చించుకుని అరవడమే తెలుసు.

"అరవకయ్యా," అన్నారు అధికారిగారు. "వినిపిస్తోంది."

తాళ్ల వ్యాపారి ఠక్కున ఆగిపోయాడు. వింటారని అనుకుని వస్తేగా, ఏం చెప్పాలో తోచడానికి! కళ్లు తుడుచుకుని, మెల్లిగా మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.