నలుసు తీసే వెంట్రుక

ఎడమకన్ను అరచేత్తో మూసుకుని జ్ఞానప్రకాశం అమ్మవారి విగ్రహం ముఖంలోకి చూశాడు. నిన్న మసకగా కనబడిన కళ్లు ఇవాళ అసలు లేవు. చెయ్యి తీస్తే ఉన్నాయి. మిషను అందుకుని మళ్లీ పాలిషు మొదలుపెట్టాడు.

ఆళ్లగడ్డ శిల్పాల షెడ్డులో ముప్పై ఏళ్లుగా అతని పని రాతిని నునుపు చేయడం. ఆదివారం తలస్నానం చేసి చర్చికి పోయినా చెవుల వెనక రాతిపొడి తెల్లగానే ఉంటుంది. మూడు రోజులుగా కుడికన్ను సలుపుతోంది. వెలుతురు పడితే సూది గుచ్చినట్టుంది. విగ్రహం లారీ ఎక్కినాక ఆస్పత్రికి పోదామనుకున్నాడు.

షెడ్డులో ఎవరి కంట్లో నలుసు పడినా తీసేది అతనే. జేబులోని అగ్గిపెట్టెలో భార్య రూతు తలవెంట్రుక ఒకటి, ఉచ్చులా మడిచి ఉంటుంది. రెప్ప తిరగేసి దానితో మెల్లగా దువ్వుతాడు. రూతు పోయి ఆరేళ్లయింది.

మధ్యాహ్నం, రాతి మీద నీళ్లు పోసే లీలావతి కన్ను మూసుకుని వచ్చింది.

"ఏందో పడిందన్నా. బేగా తియ్యి." ఒంటికంటితోనే అతన్ని చూసింది. "నీ కన్నేంది, పండుమిరపకాయ మాదిరుండాది? అందరికీ నువ్వు తీస్తావ్, నీకెవురు తీస్తారు?"

అతను అగ్గిపెట్టె తెరిచి, ఆమె రెప్ప ఎత్తాడు. నల్లగుడ్డు మీదే చిన్న రాతిపెళ్ల.

లోగడ ఇదే షెడ్డులో పనిచేసిన మహేష్‌కూ అక్కడే పడింది. పెళ్ల తీసి, "రెండ్రోజులు మంటుంటాది, ఆముదం ఎయ్యి" అన్నది తనే. మూడోనాటికి తెల్లమచ్చ లేచింది. నంద్యాల చేరేసరికి కన్ను పోయింది. ఆ ఏడే, చూపులేని వైపునుంచి వచ్చిన లారీ కింద మహేష్ పోయాడు. జ్ఞానప్రకాశాన్ని ఎవరూ ఒక్కమాట అనలేదు. కళ్లు పట్టుకుని మళ్లీ అతని దగ్గరికే వచ్చారు. అదే అతన్ని వదల్లేదు.

అగ్గిపెట్టె మూసి విగ్రహం పీటమీద పెట్టాడు.

"నేను తియ్యను."

"ఏందన్నా, ఎందుకు తియ్యవ్?"

"నలపద్దు. నంద్యాలకు పోదాం పా."

నంద్యాలలో డాక్టరు లీలావతి కంట్లో పెళ్ల తీసి మందు వేశాడు. వెంటనే వచ్చింది కాబట్టి భయం లేదన్నాడు. తర్వాత జ్ఞానప్రకాశం కంట్లోకి దీపం వేసి చూశాడు.

"ఎన్నాళ్లయింది?"

"మూడ్రోజులు."

"మొదటిరోజే రావాల్సింది పెద్దాయనా."

"తెలుసు సార్."

నెలరోజుల వైద్యంలో నొప్పి పోయింది, చూపూ పోయింది. ఉన్న కన్నునైనా కాపాడుకోమని డాక్టరు చెప్పాక అతను మళ్లీ షెడ్డుకు రాలేదు.

విగ్రహం లారీ ఎక్కేటప్పుడు ఎవరో అగ్గిపెట్టెను గోడగూట్లో పెట్టారు. ఒకరోజు లీలావతి తెరిచి చూసింది. అంతా తెల్లబడిన ఆ షెడ్డులో రూతు వెంట్రుక ఒక్కటే నల్లగా ఉంది.