గడపక్రింది పేరు

హేమంతప్రాతఃకాలమున పెన్నానదీతీరమెల్ల తుహినావృతమై జొన్నకంకుల కొనలయందు వ్రేలు మంచుబిందువులు బాలభానుకిరణస్పర్శమున నొక్కటొక్కటిగా మెఱయుచుండ పూలమడుగు గ్రామవీథిని చేతికఱ్ఱ నూనుకొని వృద్ధురాలగు వకుళాంబ మెల్లమెల్లగా వచ్చుచుండెను.

ఆమె యా సీమచరిత్రమును నలువదియేండ్లు శోధించిన విదుషి. కళాశాలలో పాఠములు చెప్పుచు సెలవుదినములందెల్ల ఊరూర దిరిగి శిలాశాసనములకు మసిపూసి కాగితముపై ప్రతులెత్తుచు యౌవనమంతయు ఱాళ్లయెదుటనే గడపినది. ఆ యూరి దిగుడుబావిని సింగమనాయకుడు త్రవ్వించెనని యామె ప్రథమగ్రంథము చాటెను. బావికడ నిలిచిన శాసనపు పైతునుకలో నా నాయకుని పేరు దక్క వేఱొకటి మిగులలేదు. క్రిందితునుక చెంగమ్మ యింటి గడపయై బోరగిలియుండెను. "గడప పెకలిస్తే ఇల్లు చెదిరిపోద్ది పంతులమ్మా" యని యా యిల్లాలు నాడు కంటతడి పెట్టగా వకుళాంబ మఱి యడుగలేక లేని పంక్తులను తన యూహతో పూరించెను. ఆ యూహయే పాఠ్యపుస్తకముల కెక్కెను.

ఇప్పుడా యిల్లు క్రొత్తగా కట్టుచుండిరి. గడప నెత్తిననాడే చెంగమ్మ కబురంపెను.

పెరటిలో వెల్లకిల త్రిప్పిన ఱాతిపై నక్షరము లరిగియుండుటచేతను తన చూపు మందగించుటచేతను వకుళాంబ కొక్కటియు కంటి కానలేదు. అంతలో చెంగమ్మ స్నానముచేసి వచ్చి నిత్యాభ్యాసమున ఱాతికి పసుపు పూయసాగెను.

"అయ్యో చెంగమ్మా! అక్షరాల మీద పసుపా?"

"ఇన్నేళ్లూ దీని వీపుకే పూస్తా వచ్చినా. ఇయ్యాల మొగం కనబడింది, పుయ్యొద్దంటావా? రాళ్లకు నువ్వు మసి పూస్తే చదువు, నేను పసుపు పూస్తే తప్పా?"

వకుళాంబ నవ్వుచు అరచేత నా పసుపును తుడువబోగా అది గాడులయందు నిలిచి యక్షరములు పచ్చపచ్చగా పైకి దేలెను. ఆమె చదివెను: "ఈ యూర తన చేతులలో పుట్టిన బిడ్డలు నీరు త్రావుటకై మంత్రసాని మాచమ త్రవ్వించిన బావి. సింగమనాయకుడు సాక్షి."

వకుళాంబ ఱాతిప్రక్కనే చతికిలబడెను.

"సాక్షిని పట్టుకొని బావి తవ్వించినవాణ్ణి చేశాను. సోమవారం నా పుస్తకం మూడోసారి అచ్చుకు పోతోంది. ఆపించాలి. తప్పు నాదేనని మొదటి పేజీలోనే రాయాలి."

"ఈ వయసులో నీకు తలవంపులు గాదా పంతులమ్మా?"

"మాచమ ఇన్నాళ్లూ బోర్లా పడి ఉంది. నేను కాస్త తల వంచితే ఏం పోయింది?"

పిమ్మట వకుళాంబ ఱాతిపై తడికాగితము పఱచి కుంచెతో నద్ది సిరా మెత్తి యాఱినపిదప నెత్తగా నల్లని పత్రమున నక్షరములు పసుపుకాంతితో వెలసెను. చదువెఱుగని చెంగమ్మ "ఏదమ్మా ఆమె పేరు?" అని యడిగి వకుళాంబ చూపినచోట మునివ్రేలితో కుంకుమబొట్టు పెట్టెను.

పరిశోధనపద్ధతిని విచారింప నా ప్రతి చెడినట్లే. అయినను వకుళాంబ వేఱొకటి యెత్తలేదు.