మంట పుడితే పట్టినట్టు

ముందు నారింజ రంగు. ఉంగరం వేలితో, రుద్దకుండా, అద్దాలి. మచ్చ మీద నేరుగా చర్మం రంగు వేస్తే బూడిద తేలుతుంది, శవం ముఖంలాగా. నారింజ వేస్తేనే మచ్చ అణుగుతుంది. దాని మీద చర్మం రంగు పలచగా రెండు పూతలు, మధ్యలో ఆరనివ్వాలి. ఆ తరవాత పౌడరు, నొక్కి నొక్కి. ఎడమ చెంప మీద, కణత నుంచి ముక్కు పక్కదాకా, అరచెయ్యంత మంగు మచ్చ. పన్నెండేళ్లుగా రోజూ పొద్దున ఇరవై నిమిషాలు దాని పాలు.

గదిలో వెలుతురు చాలదు. అందుకని వంటింటి కిటికీ చువ్వకి అద్దం తగిలించుకుని నిలబడే చేసుకుంటుంది. పక్కన పొయ్యి మీద పాలు. వెనక పీట మీద అత్త, మోకాళ్లకి నూనె రాసుకుంటూ.

"గోడకి సున్నం కొట్టేవాడైనా ఏడాదికోసారే కొడతాడే," అంది అత్త.

"గోడ ఉద్యోగానికి వెళ్లదు కదా అత్తయ్యా."

"నీ అసలు ముఖం ఎలా ఉంటుందో నేను మర్చిపోయాను. రేపు నువ్వు ఎక్కడో తప్పిపోతే, పోలీసులొచ్చి ఆనవాలు చెప్పమంటే ఏం చెప్పను?"

"డబ్బాలు చూపించండి. పాలు పొంగుతున్నాయి."

"నాకు మోకాళ్లు లేవవు. నువ్వే చూసుకో, సున్నం ఆరాక."

పాలు పొంగాయి. ఒక చేత్తో పొయ్యి కట్టేసి, రెండో చేత్తో పౌడరు నొక్కుతూనే ఉంది. లారీ మీద తిరిగే మొగుడు పది రోజులకోసారి వస్తాడు. వచ్చిన పూట కూడా ఆయన లేవకముందే ఈ పని అయిపోతుంది.

ఆమె పెద్ద దుకాణంలో కింది అంతస్తులో, సౌందర్య సాధనాల కౌంటర్లో పంతొమ్మిదేళ్ల నుంచి నిలబడుతోంది. నిలబడడమే. కుర్చీ ఒకటుంది గానీ అది కొనేవాళ్లకి, ఎత్తుగా, కింద కాళ్లకి ఆనుడు కమ్మీతో. అందరూ ఆమెని పౌడరక్క అంటారు. పనివాళ్లు వెనక తలుపు నుంచి రావాలి, వెనక తలుపు నుంచే పోవాలి, పోయేటప్పుడు సంచీ తెరిచి చూపించాలి. వీధివైపున్న అద్దాల తలుపుని, ముందు తలుపుని, ఆమె పంతొమ్మిదేళ్లుగా లోపలి నుంచే చూసింది.

ఆమెకో పద్ధతి ఉంది. కొనేమనిషిని కుర్చీలో కూర్చోబెట్టి సగం ముఖానికే చేస్తుంది. ముందు ఆ సగం దూదితో తుడిచి, శుభ్రంగా ఆరనిచ్చి, అప్పుడు క్రీము, రంగు, కనురెప్పలు, పెదవిలో సగం. చేసి అద్దం చేతికిస్తుంది. ఏమీ అనదు. ఎదుటి మనిషి అద్దంలో తనని తానే పక్కపక్కన పెట్టి చూసుకుంటుంది. సగం ముఖంతో వీధిలోకి ఎవరు పోతారు? రెండో సగం చేయించుకుంటారు, రెండు డబ్బాలు కొంటారు. ఇది ఎవరూ నేర్పలేదు. ఒకసారి కరెంటు పోయి పని మధ్యలో ఆగిపోతే తెలిసిన విద్య.

ఈ విద్య ఇప్పుడు కంపెనీ శిక్షణ పుస్తకంలో ఉంది. పక్కన ఇన్‌ఛార్జి ఫోటో ఉంది. కనిపెట్టింది ఆవిడేనని కింద రాసి ఉంది.

ఇన్‌ఛార్జి పద్నాలుగేళ్ల కింద ఈ కౌంటర్లోకే పని నేర్చుకోవడానికి వచ్చింది. కుంచెని చీపురులా పట్టుకునేది. "అమ్మాయ్, అది ముఖం, నేల కాదు," అని పౌడరక్క వేళ్లు పట్టి నేర్పింది. నేర్చుకుంది. రెండేళ్లలో పైకి పోయింది. ఆమె అలా ఇన్‌ఛార్జి అయిన ఏడాదే కంపెనీ ముఖం తెల్లబరిచే క్రీము తెచ్చింది. అమ్మేవాళ్లు మూడు నెలలు రాసుకోవాలి, 'మేమూ ఇదే వాడతాం' అని చెప్పడానికి. రెండో నెలకి పౌడరక్కకి చెంప మండింది. చెప్పింది. "మంట పుడుతోందంటే పట్టిందన్నమాట అక్కా, ఆపకు," అంది కొత్త ఇన్‌ఛార్జి. మూడో నెలకి చర్మం లేచి, ఈ మచ్చ పడింది. ఫిర్యాదు రాస్తానంటే ఇన్‌ఛార్జే కాగితం తెచ్చింది. అందులో రాసి ఉన్నది 'ఎండలో తిరగడం వల్ల' అని.

"నేను ఎండలో ఎక్కడ తిరిగాను అమ్మాయ్, పొద్దుటి నుంచి దీపాల కిందే కదా."

"కప్పేస్తే కనపడదులే అక్కా. కప్పడమేగా మన ఉద్యోగం. సంతకం పెట్టు."

పెట్టింది. ఇంట్లో అప్పటికి మామ మంచంలో ఉన్నాడు, మొగుడికి బండి లేదు. సంతకం పెట్టిన తన చెయ్యిని ఆమె ఇప్పటికీ క్షమించలేదు. పెట్టించిన చెయ్యి సంగతి చెప్పనక్కర్లేదు. పన్నెండేళ్లు ఆ చెయ్యి గోళ్ల రంగు మారినప్పుడల్లా గమనించింది. నవ్వుతూ గమనించింది. పగ ఉన్నవాళ్లు పళ్లు కొరుకుతారని ఎవరన్నారో గానీ, జీతం మీద బతికేవాళ్లు పళ్లు కనపడేలా నవ్వుతారు.

ఆ రోజు పదిన్నరకి బస్సు కండక్టరమ్మ వచ్చింది. ఖాకీ చొక్కా, భుజాన టికెట్ల సంచీ. నాలుగు నెలల నుంచి వచ్చే మనిషి. నవ్వుతూ వచ్చేది. ఇవాళ నవ్వలేదు.

"మేడమ్, రెండో డబ్బా అయిపోవచ్చింది. ఇక్కడ చూడండి."

పౌడరక్క ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి దీపం తిప్పింది. ఎడమ చెంప ఎముక మీద కందిబద్దంత మచ్చ. చుట్టూ ఎర్రగా, పొలుసులుగా. ఈ అచ్చు ఆమెకి తెలుసు. దీని రేపు తెలుసు, ఎల్లుండి తెలుసు.

"ఎన్నాళ్లయింది?"

"మంట మొదలై నెల. మీరే కదా చెప్పారు, మంట పుడితే పట్టినట్టు అని. అందుకే ఆపలేదు. మా డిపోలో ఇంకో ఇద్దరికి కూడా ఇప్పించాను, మీ మాట మీద. మొహం బాగైతే టికెట్ చిల్లర అడిగేవాడు కూడా మర్యాదగా అడుగుతాడని." చివరి మాటకి తనే నవ్వబోయి ఆపుకుంది. చెంప లాగింది కాబోలు.

'మొదట్లో అలాగే ఉంటుందండీ' అనే మాట పౌడరక్క నాలిక చివరికి వచ్చేసింది. పన్నెండేళ్లుగా వచ్చే మాట. గొంతు దాని దారిన అదే పలకబోయింది. కందిబద్ద కనిపిస్తూనే ఉంది. ఆమె నోరు మూసుకుంది.

"ఆపేయండి. ఇవాళే ఆపేయండి."

"అదేంటి, మీరే..."

"నేనే. డ్యూటీ ఎన్నింటికి?"

"పన్నెండుకి బండెక్కాలి."

"పదకొండుకి ఇక్కడ కొత్త క్రీము ఆట ఒకటి ఉంది. చూసి వెళ్లండి. ఆ డబ్బా దగ్గరే పెట్టుకోండి."

పది నలభైకి ఇన్‌ఛార్జి వచ్చింది. పనివాళ్లు డబ్బాలు గోపురంలా పేర్చారు. కొత్త క్రీము, నీలం డబ్బా. పౌడరక్క మూత తీసి వాసన చూసింది. పైన దోసకాయ, అడుగున తుప్పు పట్టిన మేకు. అదే. పేరు మార్చుకుని మూడోసారి వచ్చింది.

"అక్కా, ఇవాళ మోడల్ నువ్వే," అంది ఇన్‌ఛార్జి. "నీకు నలభై ఆరంటే ఎవరూ నమ్మరు. పన్నెండేళ్లుగా మా క్రీమే వాడుతున్నానని ఒక్క ముక్క చెప్పు. మిగతాది నేను మాట్లాడతా. మైకు నా దగ్గరే ఉంటుంది."

"నా ముఖం మీదా?"

"నీ ముఖం మీదే. ఎంత నున్నగా ఉందో చూడు."

పౌడరక్క ఆమె కళ్లలోకి చూసింది. ఎగతాళి ఉందేమోనని వెతికింది. లేదు. ఆ మనిషి మచ్చ సంగతి మర్చిపోయింది. తను తెచ్చిన కాగితం, తను పెట్టించిన సంతకం, అన్నీ. రోజూ ఇరవై నిమిషాలు అంత బాగా కప్పింది మరి. పని బాగా చేస్తే ఇలాంటి ఫలితమే వస్తుంది.

"ఇంకోటి అక్కా. సోమవారం నుంచి నిన్ను గోడౌన్‌లో వేస్తున్నారు. హాయిగా కూర్చుని చేసుకోవచ్చు. కౌంటర్‌కి చిన్న వయసువాళ్లు కావాలంటున్నారు పైవాళ్లు."

"పైవాళ్లంటే?"

"పైవాళ్లంటే..." ఇన్‌ఛార్జి నవ్వింది. "నేనే అనుకో."

"అలాగే మేడమ్," అంది పౌడరక్క, పళ్లు కనపడేలా.

పదకొండుకి ముప్పై మంది దాకా ఆడవాళ్లు చేరారు. కండక్టరమ్మ ముందు వరసలో నిలబడింది. పౌడరక్క ఎత్తు కుర్చీ ఎక్కి కమ్మీ మీద కాళ్లు పెట్టింది. పంతొమ్మిదేళ్లలో అందులో కూర్చోవడం అదే మొదటిసారి. మెత్తగానే ఉంది. ఇంత మెత్తని కుర్చీని పక్కన పెట్టుకుని ఇన్నేళ్లు నిలబడ్డానా అనుకుంది.

"చూడండి ఈ చర్మం," అంది ఇన్‌ఛార్జి మైకులో. "పన్నెండేళ్ల వాడకం. ఇప్పుడు నేను కనిపెట్టిన సగం ముఖం పద్ధతిలో అక్క తనే చేసి చూపిస్తుంది."

"ముందు తుడవాలి కదా," అంది పౌడరక్క.

"అవును, ముందు తుడవాలి," అంది ఇన్‌ఛార్జి. పుస్తకంలో అలాగే ఉంది.

పౌడరక్క దూది తీసుకుంది. తుడుపు నూనెలో ముంచింది, పిండింది. ఎడమ సగం. మొదటి తుడుపుకి పౌడరు పోయింది. రెండో తుడుపుకి చర్మం రంగు పోయింది. మూడో తుడుపుకి నారింజ వచ్చింది, దూది మీదికి ముద్దగా. ఆమె అద్దం చూసుకోలేదు. ఎదురుగా ఉన్న ముఖాల్లోనే చూసుకుంది. ఎవరో "అయ్యో" అన్నారు, మెల్లగా.

మైకు ఇన్‌ఛార్జి చేతిలోనే, పౌడరక్క నోటి దగ్గరే ఉండిపోయింది. వెనక్కి తీసుకోవాలని ఆవిడకి తోచలేదు.

"ఈమె చెప్పింది నిజమే, పన్నెండేళ్లయింది. మూడు నెలలు రాశాను. మంట పుడితే పట్టినట్టు అంది ఈమె. నేను నమ్మాను. ఆ తరవాత నమ్మకుండానే అదే మాట మీకు చెప్పి అమ్మాను. అది నా పాపం, నేనే మోస్తాను. ఆ నీలం డబ్బాలో ఉన్నది కూడా ఇదే. అద్దాలు అక్కడున్నాయి, దీపం అక్కడుంది. మీ చెంపలు మీరే చూసుకోండి."

కండక్టరమ్మ ముందుకొచ్చింది. టికెట్ల సంచీలోంచి సగం వాడిన డబ్బా తీసి గాజు మీద పెట్టింది, బస్సులో చిల్లర పెట్టినట్టు, టక్కుమని. ఆమె వెనక ఒకామె చేతిసంచీ తెరిచింది. ఇంకొకామె అద్దంలోకి వంగి, చెంప మీద వేలు పెట్టి, అలాగే ఉండిపోయింది.

ఇన్‌ఛార్జి మెడ దగ్గర రంగు వేసుకోదు. మెడ మొత్తం కందిపోయింది, చెవుల దాకా.

"అక్కా, కప్పు," అంది గొంతు తగ్గించి. మైకు ఆ మాటని కూడా అందరికీ వినిపించింది. "ముందు కప్పు."

"మంట పుడుతోందా అమ్మాయ్?" అంది పౌడరక్క. "అయితే పట్టినట్టే."

కుర్చీ దిగింది. కంపెనీ కోటు విప్పి మడతపెట్టి కుర్చీలో ఉంచింది. దూదిని గాజు మీద పెట్టి, ముందు తలుపు వైపు నడిచింది.

"పౌడరక్కా, మనం వెనక..." అంటూ కాపలావాడు అడ్డం రాబోయాడు. ముఖం చూశాడు. తలుపు తీసి పట్టుకున్నాడు.

కుడి సగం రంగుల్లో, ఎడమ సగం మచ్చలో, ఆమె ఎండలో నడిచింది. జనం చూశారు. చూడనీ. రేపటి తిండి ఎలాగన్నది పదడుగులు వేశాకే గుర్తొచ్చింది. ఇంకో పదడుగులు వేసినా ఆ భయం తగ్గలేదు. అయినా వెనక్కి తిరగలేదు.

ఇంటి తలుపు తోసేసరికి అత్త పీట మీదే ఉంది. కళ్లు చికిలించి చాలాసేపు చూసింది.

"ఆఁ," అంది చివరికి. "ఇప్పుడు ఆనవాలు చెప్పగలను. కాళ్లు కడుక్కుని రా, తిందువుగాని."

అక్కడ కౌంటర్లో డబ్బాల గోపురం మధ్యాహ్నమే తీసేశారు. ఆడవాళ్లు పెట్టిపోయిన సగం డబ్బాలు, పదకొండు, అట్టపెట్టెలో వేశారు. ఆ దూదిని మాత్రం తుడిచే మనిషి కూడా ముట్టుకోలేదు. దీపాల కింద, గాజు మీద, అది అలాగే ఉంది. ఒకవైపు తెల్లగా, రెండోవైపు మనిషి చెంప రంగులో, నారింజ చార ఇంకా తడిగా.