తలుపు దగ్గరి తీర్థం

గుడి మూసిన తొమ్మిది వారాలూ నేను రోజూ ఊడ్చాను. జనం అడుగు పెట్టని నేల మీదికి అంత దుమ్ము ఎక్కడి నుంచి వస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పొద్దున్నే తలుపు తీస్తే లోపల సన్నని వెలుగు, ఎప్పటిదో సాంబ్రాణి వాసన. ఊడుస్తుంటే వెనక ఎవరో కూర్చుని జపమాల చెబుతున్నట్టే ఉండేది. తిరిగి చూసేదాన్ని కాదు. చూస్తే లేచి వెళ్ళిపోతారేమోనని.

మునగాలకూ కోదాడకూ నడుమ ఉన్న పల్లె మాది. పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు ఎండాకాలంలో గత్తర, అదే కలరా, వచ్చింది. వాంతులు, బేదులు. పొద్దున పనికి పోయినవాడు మాపటికి మట్టిలో కలిసేవాడు. సూర్యాపేట నుంచి డాక్టరు వచ్చి సూదులు వేశాడు, బావిలో ఎర్రమందు కలిపాడు, నలుగురు ఒకచోట చేరొద్దన్నాడు. ఫాదర్ గారు గుడి మూయించారు. ఆదివారం ఆయనా, ఉపదేశి దావీదూ తలుపులు వేసుకుని పూజ చేసుకునేవారు. నేను గంట కొట్టేదాన్ని. గంట వినబడగానే జనం ఎక్కడివాళ్ళు అక్కడే, గడపల మీద, బర్రెల పక్కన మోకరించేవారు. తాడు పట్టుకుని చూస్తుంటే వాడంతా ఒక్కసారి కిందికి వాలి, మళ్ళీ మెల్లగా లేచేది. అదంతా నిజంగా చూశానా, కలగన్నానా అనిపిస్తుంది ఇప్పుడు.

ఇరవై రోజులుగా ఎవరికీ రాలేదని తేలాక, ఆదివారం గుడి తెరుద్దామన్నారు ఫాదర్ గారు. దానికి షరతులున్నాయి. మనిషికీ మనిషికీ మధ్య మూడు మూరల ఎడం ఉండాలి. అందుకు నేల మీద సున్నంతో గిరులు గీయాలి. తలుపు దగ్గరి తీర్థం తొట్టిలో ఎవరూ వేళ్ళు ముంచకూడదు. కాగబెట్టిన నీళ్ళను ఆయన ఉప్పు వేసి ఆశీర్వదిస్తారు, నేను గంటెతో అందరి అరచేతుల్లో పోయాలి.

"నీ సేతితోనే పొయ్యాలె సాయమ్మా. జనానికి నీ మీద నమ్మకం" అన్నాడు దావీదు.

తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదని నాకు రోజూ బుద్ధులు చెప్పే దావీదు, నేను ఒక్క మాట కూడా ఎదురు చెప్పకపోయేసరికి హడలిపోయాడు. జ్వరమొచ్చిందా అని అడిగాడు.

జ్వరం కాదు. గత్తర ఇంకా పక్క ఊళ్ళోనే ఉన్న రోజుల్లో జానమ్మ సీసా పట్టుకుని తీర్థం కోసం వచ్చింది. నా తోడబుట్టింది కాదు కానీ అంతకంటే ఎక్కువ. మగడు పోయాక ఐదేళ్ళ కూతురు లూర్దుతో మా పక్కింట్లోనే ఉంటోంది. తొట్టిలో తీర్థం అడుగంటింది. ఫాదర్ గారు కోదాడకు పోయారు. తీర్థం తక్కువైతే కొన్ని మంచినీళ్ళు కలపొచ్చు, తీర్థం తీర్థమే, అది మా పద్ధతి. బావి దూరం, ఎండ మండిపోతోంది. గుడి వెనక వాగులోంచి కడవ ముంచుకొచ్చి తొట్టిలో పోశాను. సీసా నింపి ఇచ్చాను. ఆ వాగుకు పైన రోగుల గుడ్డలు ఉతుకుతున్నారని తర్వాత తెలిసింది.

జానమ్మ రోజూ బిడ్డకో గుక్క, తనకో గుక్క తాగించింది. మూడో రోజు ఇద్దరికీ పట్టుకుంది. జానమ్మ లేచింది. లూర్దు లేవలేదు.

ఆ నీళ్ళ వల్లనో కాదో ఆ దేవుడికే తెలియాలి. నాకు మాత్రం అన్నం సహించలేదు.

శనివారం పొద్దుగూకే వేళ గిరులు గీస్తున్నాను. ఎవరు ఎక్కడ కూర్చుంటారో నాకు కంఠతా వచ్చు. వరసగా ఆలోచన లేకుండా గీసుకుంటూ పోయాను. తలుపు పక్కన గోడవారగా నాది, అవతల జానమ్మది, ఇద్దరి నడుమ ఒక చిన్నది. గీశాక చూసుకున్నాను. పూజంతా నా కొంగు కొసను వేలికి చుట్టుకుంటూ లూర్దు కూర్చునే చోటది. చెయ్యి దానంతటదే గీసేసింది. కొంగుతో చెరపబోయాను.

"ఉండనియ్ అక్కా."

జానమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. సగం మనిషైపోయింది. చేతిలో అదే సీసా, అడుగున నాలుగు వేళ్ళ నీళ్ళు.

"నన్ను బతికించింది గీ తీర్థమే. రేపు తొట్టిల కలుపు. అందరికి అందాలె" అంది.

సీసా తీసుకున్నాను. సరే అంటే అయిపోయేది. కానీ రేపు ఆ నీళ్ళు గంటెతో ఊరందరికీ పోయాల్సింది నేనే కదా.

"కలపొద్దు జానా" అన్నాను. "అది వాగు నీళ్ళు. నేనే ముంచిన. బావి కాడికి పోవుడు బద్ధకమై ముంచిన."

ఆమె నన్ను చూసింది. చిన్న గిరిని చూసింది. తిడితే బాగుండు, జుట్టు పట్టుకుంటే బాగుండు అనుకున్నాను. సీసా నా చేతిలోనే వదిలేసి వెళ్ళిపోయింది. గన్నేరు చెట్టు మొదట్లో గుంట తీసి నీళ్ళు పారబోసి, సీసాను పాతిపెట్టి ఏడ్చాను.

ఆదివారం పొద్దున్నే మంచుతెరలా సన్నని పొగ కమ్ముకుని ఉంది, ఎవరో చేలో ఆకు తగలబెట్టినట్టున్నారు. అందులోంచి ఒక్కొక్కరే, ఎడంగా, తెల్లబట్టల్లో నడిచి వస్తున్నారు. బతికినవాళ్ళో పోయినవాళ్ళో దగ్గరికి వచ్చేదాకా తెలియలేదు. అందరూ పరగడుపున వచ్చారు. ఆ రోజుల్లో పూజలో ఫాదర్ గారిచ్చే సత్ప్రసాదం తీసుకోవాలంటే అర్ధరాత్రి దాటాక చుక్క నీళ్ళు కూడా గొంతు దిగకూడదు. తొమ్మిది వారాలుగా ప్రసాదానికి మొహం వాచి ఉన్నాం, నేను కూడా.

ఒక్కొక్కరి అరచేతిలో పోశాను. నుదుటికి రాసుకుని సిలువ గుర్తు వేసుకుని లోపలికి వెళ్ళారు. చివర్న జానమ్మ వచ్చింది. గంటె ముంచాను. ఆమె చెయ్యి చాపలేదు.

"ఎక్కడి నీళ్ళు?"

"బాయి నీళ్ళు. మూడు పొంగులు రానిచ్చిన."

"నువ్వు తాగు ముందు."

తాగితే ఈ పూట నాకు ప్రసాదం లేదు. ఆ సంగతి జానమ్మకు తెలుసు. తెలిసే అడిగిందని నాకూ తెలుసు. లోపల పూజ మొదలవుతోంది, దావీదు గొంతు వినిపిస్తోంది.

తాగాను. ఉప్పగా ఉన్నాయి. నా గొంతు కదిలేదాకా ఆమె కళ్ళు తిప్పలేదు. అప్పుడు దోసిలి పట్టింది. పోశాను. నుదుటికి రాసుకుంటుందనుకున్నాను. దోసిలి ఎత్తి, చివరి చుక్కదాకా తాగేసింది.

"జానా!" అన్నాను.

"పా, కూసుందాం" అంది.

సత్ప్రసాదం వేళకు అందరూ లేచి ముందుకు వెళ్ళారు. గుడి వెనక భాగమంతా ఖాళీ గిరులు. మేమిద్దరమే మిగిలాం, ఆమె గిరిలో ఆమె, నా గిరిలో నేను. కాసేపటికి జానమ్మ చెయ్యి చాచి నా కొంగు కొస అందుకుంది. దాన్ని చిన్న గిరి మీదుగా లాక్కుని వేలికి చుట్టుకుంది.