అపారిసియో రాసిన అధ్యాయం

చిన్న చిన్న లైబ్రరీలు ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్ళారో చూసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటుంది. దాన్ని ఎలా వాడాలో చెప్పే మాన్యువల్‌ను పైసాండూ అనే ఊళ్ళో కూర్చుని చూసుకునేది నెలిదా ఎచెవెరి. జీతం లేదు. ప్రోగ్రాములు రాసేవాళ్ళకు చప్పట్లు, మాన్యువల్ రాసేవాళ్ళకు అక్షింతలు. లోకం తీరే అంత.

ఈ ఏడు ఆ మాన్యువల్ లైసెన్స్, అంటే దాన్ని ఎవరు ఎలా వాడుకోవచ్చో చెప్పే ఒప్పందం, మార్చక తప్పలేదు. పాత షరతులు నచ్చక దాన్ని ఎవరూ తాము పంచే సాఫ్ట్‌వేర్‌తో కలిపి ఇవ్వడం లేదు. మార్చాలంటే అందులో రాసిన ప్రతి ఒక్కరూ ఒప్పుకోవాలి. ఒప్పుకోనివాళ్ళ పేజీలు తీసేయాలి. అందరూ సరేనన్నారు, ఒక్క అపారిసియో తప్ప. అతను కిందటి చలికాలంలో చనిపోయాడు.

తకువారెంబో అనే మరో ఊళ్ళో ఉండే ఆ మనిషిని నెలిదా ఎన్నడూ చూడలేదు. ఏళ్ళ తరబడి ఇద్దరూ ఆన్‌లైన్‌లోనే కామాల దగ్గర పోట్లాడుకున్నారు. ఆమె కత్తిరించిన వాక్యాన్ని అతను మర్నాడే అతికించేవాడు, పక్కన ఒక ఎత్తిపొడుపు రాసి మరీ. పొద్దున్నే ఒంటరిగా మాతె టీ తాగుతూ ఆమె ఎదురుచూసేది ఆ ఎత్తిపొడుపు కోసమే. చిరిగిన పాత పుస్తకాలను ఎలా నమోదు చేయాలో చెప్పే అతని అధ్యాయం ఆమెకు కంఠతా వచ్చు. అది తీసేయాలంటే ప్రాణం ఒప్పలేదు.

హక్కులిప్పుడు అతని అక్క జుల్మావి. నెలిదా ఆమెకు ఫోన్ చేసింది.

"ఎవరమ్మా నువ్వు? మావాడి నోట నీ పేరెప్పుడూ వినలేదే."

"మేం కలిసి రాసేవాళ్ళమండీ."

"ఓహో. పండగనాడు కూడా ఆ కంప్యూటర్ ముందే కూర్చునేవాడు, పళ్ళెంలో మాంసం చల్లారిపోయేది. పోయిననాడు మీలో ఒక్కరైనా గుమ్మం తొక్కారా? ఇప్పుడు నా ఒప్పుకోలు కావాల్సొచ్చిందా?"

అతను పోయిన సంగతి నెలిదాకు అప్పట్లో ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి తను అతనికి ఏమవుతుందని?

"నేనివ్వను తల్లీ. ఏమీ అనుకోకు," అని జుల్మా ఫోన్ పెట్టేసింది.

ఇక మిగిలింది ఒకటే దారి. ఆ అధ్యాయాన్ని తీసేసి మళ్ళీ కొత్తగా రాయించాలి. అదీ పాతది చదవనివాళ్ళ చేతనే. చదివినవాళ్ళు రాస్తే పాత మాటలే దొర్లి తగువవుతుంది. కాబట్టి నెలిదా రాయకూడదు. మిగతావాళ్ళూ ఏళ్ళుగా ఇందులోనే ఉన్నారాయె, చదవనివాళ్ళను ఎక్కణ్ణుంచి తేవాలని ఆమె బెంగ పెట్టుకుంది.

శనివారం వీడియోలో అందరూ కలిసినప్పుడు అడిగింది.

"అపారిసియో అధ్యాయం చదవనివాళ్ళు ఉంటే చెయ్యెత్తండి. ఒక్కరున్నా చాలు."

తెర మీద ఒక్కో గడిలో ఒక్కో చెయ్యి లేచింది. చివరికి పెద్దవాడు బ్రౌలియో కూడా ఎత్తాడు.

"మాన్యువల్ ఎవరు చదువుతారు నెలిదా?" అన్నాడు నవ్వుతూ. "అర్థం కాకపోతే నిన్నే అడుగుతాంగా. నీ పని తేలికైంది, ఎవర్ని కావాలంటే వాళ్ళని తీసుకో."

నెలిదా కూడా నవ్వి, ఆ పని ఒకరికి అప్పగించింది. తెర ఖాళీ అయ్యాక ఆ అధ్యాయాన్ని చివరిసారి తెరిచింది. ఇన్నేళ్ళూ అపారిసియో రాసింది తనొక్కదానికేనని ఆమెకు అప్పుడు తెలిసింది. మొదటి నుంచి చివరిదాకా మెల్లగా చదువుకుని, తీసేసింది.